తేలిక పోగులు – వాని పరిమితులు

పాలమూరు పేరు వినగానే దేశమున పలుచోట్ల జనులకు మొదట జ్ఞప్తికి వచ్చునది కూలిగుంపు. ఆనకట్టలు, కాలువలు, రహదారులు, మేడలు నిర్మించుటకై ఈ మెట్టసీమనుండి కుటుంబములు గుంపులుగా దూరప్రాంతములకు తరలిపోవుట తరతరములుగా సాగిన కథ. మహబూబ్‌నగరు ప్రాంతమున ఆ కథ తెలియని ఇల్లు అరుదు. గుంపునకు ముందు నడచువాడు గుంపు మేస్త్రీ. పని ఒప్పుకొనువాడు అతడే. అడ్వాన్సు తెచ్చి పంచువాడు అతడే. ఎవరు మట్టి త్రవ్వవలెనో, ఎవరు తట్ట మోయవలెనో నిర్ణయించువాడును అతడే. పలుతావుల గుత్తేదారు పుస్తకమునకు ఎక్కునది అతని పేరు ఒక్కటే. అతని వెనుక ఇరువదిమంది ఉన్నారా, నలువదిమంది ఉన్నారా అను సంగతి ఆ పుస్తకమునకు తెలియదు.

మేము ఇప్పుడు ప్రసంగింపదలచినది కూలివారిని గూర్చి కాదు, కంప్యూటరును గూర్చి. అయినను గుంపు మేస్త్రీ ఉదాహరణము లేక ఈ విషయమును ఇంతకన్న తేటగా చెప్పుట మాకు చేతకాలేదు. మహబూబ్‌నగరులో 2008వ సంవత్సరమున పాలమూరు విశ్వవిద్యాలయము ఏర్పడినది. పట్టణమునకు సమీపమునగల దివిటిపల్లిలో 2023లో ఐటీ టవరు ప్రారంభమైనది. తట్ట మోసిన తల్లిదండ్రుల బిడ్డలు నేడు ప్రోగ్రాములు వ్రాయుచున్నారు. వారిలో ఎవరైన తమ ఇంట ఈ ప్రసంగమును వినుచున్నచో, మేము చేసిన పొరపాటు వారు చేయకుందురు గాక అనునదే మా ఉద్దేశము. తక్కినవారికిని ఇందు ప్రయోజనము లేకపోలేదు. కార్యాలయములో కిటికీ ముందు నిలిచి, “సిస్టము ఆగిపోయినది” అను మాట విని తిరిగి వచ్చిన అనుభవము మనలో ఎవరికి లేదు? అట్లు ఆగిపోవుటకు గల కారణములలో ఒకటి ఇప్పుడు మనము విచారింపబోవు విషయము.

మొదట నాలుగు మాటలు పరిచయము చేసికొందము. కంప్యూటరులో పనులన్నిటికి పెత్తనము వహించు ప్రోగ్రామునకు ఆపరేటింగ్ సిస్టము అని పేరు. విండోసు, లినక్సు, చేతిఫోనులోని ఆండ్రాయిడు ఈ జాతివే. పనిస్థలములోని కార్యాలయము వంటిది ఇది. దీని పుస్తకములో పేరున్నవారికే పనిముట్లు దొరకును, వంతు దొరకును. లెక్కలు చేయు యంత్రభాగము ప్రాసెసరు. నేటి ప్రాసెసరులలో లెక్కచేయు అంగములు రెండో, నాలుగో, ఎనిమిదో ఉండును. వానిని కోరులు అందురు. స్థూలముగా చెప్పిన, ఒక కోరు ఒక క్షణమున ఒక్క పనినే చేయగలదు. పని పదింతలున్నచో ఒకదానిని కొంతసేపు, మరియొకదానిని కొంతసేపు వంతులవారీగా నడుపుచు, చూచువారికి అన్నియు ఒకేసారి జరుగుచున్నట్లు తోపింపజేయును.

ఒక ప్రోగ్రాములో వరుసగా సాగు ఆజ్ఞల పరంపరను ఇంగ్లీషున థ్రెడ్డు అందురు. నారాయణపేట, గద్వాల నేతకాండ్రకు పరిచితమైన మాటలో చెప్పవలెనన్న అది పోగు. ఒక ప్రోగ్రాములో ఒక పోగే ఉండవచ్చును, వంద ఉండవచ్చును. ఉత్తరములు తెచ్చు పోగు ఒకటి, తెరపై బొమ్మ చూపు పోగు ఒకటి, లెక్క వేయు పోగు ఒకటి, ఇట్లు పని విభజించుకొన్నచో ప్రోగ్రాము వ్రాయుటయు సులభము, వాడుటయు సుఖము.

ఇక ఇంటర్‌ప్రిటరు. మనుష్యులకు అర్థమగు భాషలో వ్రాసిన ప్రోగ్రామును పంక్తి వెంట పంక్తిగా గ్రహించి యంత్రముచేత చేయించునది ఇంటర్‌ప్రిటరు. పూర్వము దొరలకును రైతులకును నడుమ నిలిచిన దుబాసీ వంటిది. పైథాను, రూబీ మొదలగు భాషలు ఇట్టి దుబాసీల సహాయముననే నడచును. నెదర్లాండ్సు దేశీయుడైన గైడో వాన్ రోసమ్ పైథానును 1991లోను, జపానుదేశీయుడైన యుకిహిరో మత్సుమోతో రూబీని 1995లోను లోకమునకు అందించిరి.

పోగులు రెండు విధములు. ఆపరేటింగ్ సిస్టము పుస్తకమున తమ పేరు వ్రాయించుకొన్నవి మొదటి రకము. వీనిని వ్యవస్థ పోగులు అందము. ఆ పుస్తకమునకు తెలియకుండ, దుబాసీ తన లోపలనే సృష్టించి, తానే వంతులు వేసి నడుపుకొనునవి రెండవ రకము. వీనిని తేలిక పోగులు అందము. వీనికి ఆకుపచ్చ పోగులని మరియొక పేరు కలదు. సన్ మైక్రోసిస్టమ్స్ సంస్థలో జావా భాషను రూపొందించిన బృందమునకు గ్రీన్ టీము అని పేరుండెడిది; అందువలన ఆ పేరు వచ్చినది. తేలిక పోగుల దుబాసీ అచ్చముగా గుంపు మేస్త్రీయే. లోపల నలువదిమంది ఉన్నను కార్యాలయమునకు కనబడునది అతడొక్కడే.

ఇట్టి ఏర్పాటును పెద్దలు తెలివితక్కువచేత చేయలేదు. దానికి మంచి కారణములే ఉండెను. కార్యాలయమునకు పోయి ఒక్కొక్క పేరు వ్రాయించుటకు కాలము పట్టును. వంతు మారినప్పుడెల్ల కార్యాలయము అనుమతి పొందుటకు మరికొంత కాలము పట్టును. గుంపు లోపల వంతు మార్చుకొనుటకు మేస్త్రీ కనుసైగ చాలును. చోటు విషయమును అంతే. లినక్సులో సామాన్యముగా ఒక్కొక్క వ్యవస్థ పోగునకు 8 మెగాబైట్ల చిరునామా చోటు ప్రత్యేకింపబడును. నిజముగా వాడుకొనబడు చోటు అంతకన్న చాల తక్కువయే అయినను, పోగులు వేలకు చేరినప్పుడు ఆ లెక్క తప్పక పైకి తేలును. తేలిక పోగు కొద్ది కిలోబైట్లతో ప్రాణము నిలుపుకొనగలదు. అదిగాక, పోగులను ఎరుగని పాత ఆపరేటింగ్ సిస్టములమీద సైతము ఇవి నడచును. ఏ యంత్రమున చూచినను నడక ఒకటే. జావా తొలిదినములలో సొలారిసు యంత్రములపై ఈ పద్ధతినే అవలంబించినది. రూబీ 1.8వ సంచిక వరకు దీనినే నమ్ముకొన్నది.

ఇక పరిమితులకు వత్తము. మొదటిది నిరీక్షణకు సంబంధించినది. గుంపులో ఒకడు సిమెంటు బస్తా కొరకు గిడ్డంగి గుమ్మమున నిలిచినాడనుకొందము. పుస్తకమున ఎవరి పేరు వారికున్నచో, గిడ్డంగివారు ఆ ఒక్కనిని నిలిపి తక్కినవారిని పనికి పంపుదురు. పుస్తకమున మేస్త్రీ పేరు మాత్రమే ఉన్నచో, వారి దృష్టిలో నిలిచినవాడు మేస్త్రీయే. మేస్త్రీ నిలిచినప్పుడు గుంపు అంతయు నిలిచినట్లే. కంప్యూటరులోను ఇట్లే జరుగును. ఒక తేలిక పోగు ఆపరేటింగ్ సిస్టమును ఏదేని అడిగి, జవాబు వచ్చువరకు ఆగవలసినచో, ఆపరేటింగ్ సిస్టము ఆపునది ఆ పోగును కాదు, దుబాసీనే. దుబాసీ ఆగిన వెంటనే అతని నీడన ఉన్న పోగులన్నియు ఆగును. వానికి చేయవలసిన పని ఉన్నను, కోరులు ఖాళీగా పడియున్నను కదలలేవు.

తెలివిగల దుబాసీలు దీనికి ఒక ఉపాయము కనుగొనిరి. గుమ్మమున నిలువకముందే, “సరకు వచ్చినదా? రానిచో మరల వచ్చెదను” అని అడిగి, రానిచో వేరొక పోగునకు వంతు ఇచ్చుట. తంతిమార్గమున దూరపు యంత్రములతో జరుగు సంభాషణలలో ఈ ఉపాయము చక్కగా పారును. కాని అన్నిచోట్ల ఇట్లు ముందుగా అడుగుటకు వీలుండదు. డిస్కునుండి ఫైలు చదువునప్పుడును, యంత్రము పేరునుబట్టి దాని చిరునామా వెదకించునప్పుడును ఈ ఉపాయము సామాన్యముగా పనిచేయదు. అన్నిటికంటె చిక్కు తెచ్చునవి సీ భాషలో ఇతరులు వ్రాసి ఇచ్చిన ప్రోగ్రాము భాగములు. దుబాసీ ఆ భాగమునకు పని అప్పగించిన పిమ్మట, అది ముగించి తిరిగి వచ్చువరకు అతనికి దానిమీద అధికారము లేదు. డేటాబేసులతో మాటలాడు భాగములు పెక్కు ఇట్టివే.

రెండవ పరిమితి కోరులకు సంబంధించినది. ఒక లెక్క ఉదాహరణగా తీసికొందము. ఒక్కొక్కటి పది సెకండ్లు పట్టు లెక్కలు నాలుగు కలవు. యంత్రమున నాలుగు కోరులు కలవు. నాలుగు వ్యవస్థ పోగులకు అప్పగించినచో ఒక్కొక్కటి ఒక్కొక్క కోరు ఎక్కి, సుమారు పది సెకండ్లలో నాలుగును ముగియును. నాలుగు తేలిక పోగులకు అప్పగించినచో నలుబది సెకండ్లు పట్టును. ఏలయన, కార్యాలయము పుస్తకమున ఒక్క పేరే ఉన్నది గనుక ఒక్క పారయే ఇచ్చును. నలుగురు ఆ ఒక్క పారను వంతులుగా మార్చుకొందురు. మూడు పారలు గోడకు ఆని ఉండును. నలుగురికి బదులు నలువదిమందిని పెట్టినను త్రవ్వునది ఒక్క పారయే.

నిరీక్షణ విషయమున లెక్క వేరుగా ఉండును. నలువది దూరపు యంత్రములను జవాబు అడిగితిమి. ఒక్కొక్కటి జవాబిచ్చుటకు రెండు సెకండ్లు పట్టుననుకొందము. ఒకదాని పిమ్మట ఒకటి అడిగినచో ఎనుబది సెకండ్లు. నలువది తేలిక పోగులచే ఒక్కసారిగా అడిగించినచో, జవాబులన్నియు ఇంచుమించు రెండు సెకండ్లలో వచ్చును. ఇచట పని చేయునది మనము కాదు. మనము వేచియుండుట మాత్రమే. వేచియుండుటకు పార అక్కరలేదు. తేలిక పోగుల మేలును, వాని కొరతయును ఈ రెండు లెక్కలలోనే ఉన్నవి.

ఈ రెండవ కొరత చాలకాలము ఎవరికిని బాధ కలిగింపలేదు. సామాన్యుల యంత్రములలో కోరు ఒక్కటే ఉండెడిది గనుక, ఉన్న ఒక్క పారను ఎవరు పట్టినను ఒకటే. ఐబీఎం సంస్థ 2001లో రెండు కోరుల ప్రాసెసరును వెలువరించినది. 2005లో ఇంటెలు, ఏఎమ్‌డీ సంస్థలు బల్లపై పెట్టుకొను యంత్రములకు సైతము అట్టివానిని తెచ్చినవి. అప్పటినుండి ప్రాసెసరు వడి పెరుగుట మందగించి కోరుల సంఖ్య పెరుగుచు వచ్చెను. పూర్వము ప్రోగ్రామును ముట్టుకొనకనే, క్రొత్త యంత్రము కొన్నంతనే అది వడిగా నడచెడిది. ఇప్పుడు పనిని కోరులకు పంచనేర్చిన ప్రోగ్రామునకే క్రొత్త యంత్రము పూర్తిగా ఉపయోగపడును.

మూడవ పరిమితి వంతులలోని న్యాయమునకు సంబంధించినది. ఆపరేటింగ్ సిస్టము వంతులు పంచునప్పుడు పుస్తకములోని పేర్లను చూచును. నూరు తేలిక పోగులున్న ప్రోగ్రామునకును, పోగు ఒక్కటే ఉన్న ప్రోగ్రామునకును దాని చూపులో భేదము లేదు. ఇద్దరికి ఒక్కొక్క వంతే. “ఈ పోగు తొందరది, దీనిని ముందు నడుపుము” అని చెప్పుకొనుటకును వీలులేదు. లోపలి న్యాయము సంగతి మేస్త్రీ నేర్పుమీద ఆధారపడియుండును. కొన్ని ఏర్పాటులలో ఒక పోగు తనంతట తాను ప్రక్కకు జరిగిననే తప్ప మరియొకదానికి వంతు రాదు. అట్టిచోట మొండిపోగు ఒక్కటి కూర్చున్నచో తక్కినవి ఎదురుచూచుచు కూర్చుండవలసినదే. మరికొన్నింటిలో వంతు మార్చుటయే బరువు. రూబీ పాత సంచికలలో వంతు మారినప్పుడెల్ల ఆ పోగు అంతవరకు పేర్చుకొన్న సామగ్రినంతను ఒకచోటినుండి మరియొకచోటికి నకలు చేయవలసి వచ్చెడిది. సామగ్రి పెరిగినకొలది తేలిక అను పేరు చెల్లకుండ పోయెడిది.

ఈ పాఠమును మేము పుస్తకములనుండి నేర్చుకొనలేదు. కొన్ని సంవత్సరముల క్రిందట మేము ముగ్గురు మిత్రులము కలిసి మహబూబ్‌నగరు పట్టణమున ఒక కార్యాలయమునకు రశీదుల ప్రోగ్రాము వ్రాసి ఇచ్చితిమి. కిటికీలు ఆరు. ఒక్కొక్క కిటికీకి ఒక్కొక్క తేలిక పోగు. మొదటి నెల దివ్యముగా నడచినది. మాకు మెప్పు కూడ దక్కినది. రెండవ నెలలో ఒక సోమవారము ఉదయము ఆరు కిటికీలును ఒక్కసారిగా నిలిచిపోయినవి. తెరలు గడ్డకట్టినట్లున్నవి. బయట వరుస పెరిగినది. దేవరకద్ర వైపునుండి, జడ్చర్ల వైపునుండి బస్సులలో వచ్చినవారు ఆ వరుసలో ఉండిరి. వారిలో కొందరు ఆనాటి కూలి మానుకొని వచ్చినవారు. కొంతసేపటికి దానంతట అదే కదలినది. మరునాడు మరల నిలిచినది.

మేము తంతిని అనుమానించి మార్చితిమి. యంత్రమును ఆపి మరల నడిపించితిమి. విద్యుత్తును నిందించితిమి. చివరకు ఆగియున్న సమయముననే యంత్రము లోపలి లెక్క తెరచి చూచితిమి. కోరులు నాలుగును ఖాళీగా ఉన్నవి! పని లేక యంత్రము నిద్రించుచున్నది. ఆరు కిటికీలయొద్ద మనుష్యులు నిలుచుండియే ఉన్నారు. అప్పుడు తెలిసినది. లోపలి గదిలో ఒక అధికారి ప్రతి ఉదయము గత సంవత్సరపు వివరముల పట్టికను అడుగుచుండెను. ఆ ప్రశ్న వేరొక యంత్రములోని డేటాబేసునకు పోవును. డేటాబేసుతో మాటలాడు భాగము సీ భాషలోనిది. దాని జవాబు వచ్చువరకు మా దుబాసీ గుమ్మమున నిలిచియుండెను. అతనితోపాటు ఆరు పోగులును నిలిచియుండెను. తప్పు తంతిదికాదు, యంత్రముదికాదు, ఆ అధికారిదియు కాదు. ఆరుగురిని ఒక్క పేరు వెనుక దాచిన మాది.

మేము చేసిన సవరణ మిక్కిలి సామాన్యము. పట్టికల పనిని వేరు ప్రోగ్రాముగా విడదీసితిమి. కిటికీలకు మరియొక ప్రోగ్రాము. అనగా ఒక్క గుంపును రెండు గుంపులు చేసి ఇద్దరు మేస్త్రీలను పెట్టితిమి. ఒకడు గుమ్మమున నిలిచినను మరియొకని గుంపు సాగుచుండును. దీనికిని మూల్యము కలదు. ఒకే గుంపులోనివారు ఒకే కుండలోని నీళ్లు త్రాగుదురు. రెండు గుంపులవారు ఎవరి కుండ వారు మోసికొనవలెను. అట్లే వేరుప్రోగ్రాములు సామాన్యముగా జ్ఞాపకమును పంచుకొనవు; ఒకదానికి తెలిసినది మరియొకదానికి ప్రత్యేకముగా కబురంపవలెను. అయినను ఆ సోమవారమునాటి వరుస మరల చూడలేదు.

ఇది విన్నవారు, “అట్లయిన తేలిక పోగులను విడిచి అందరి పేర్లను పుస్తకమున వ్రాయించిన సరిపోవును గదా” అనవచ్చును. లోకమున చాలమంది అట్లే చేసిరి. జావా 2000వ సంవత్సరపు 1.3వ సంచికనాటికి ఆకుపచ్చ పోగులను విడిచి వ్యవస్థ పోగులకు మారినది. రూబీ 2007 చివర వెలువడిన 1.9వ సంచికలో ఆ పనియే చేసినది. పైథాను మొదటినుండియు వ్యవస్థ పోగులనే వాడుచున్నది. కాని ఇక్కడ ఒక మెలిక ఉన్నది. పైథానులోను, క్రొత్త రూబీలోను పోగులన్నిటికిని పుస్తకమున పేరున్నను, దుబాసీ గది తాళపుచెవి ఒక్కటే. ఆ తాళపుచెవి చేతనున్న పోగే తన ఆజ్ఞలను నడిపింపగలదు. తక్కినవి వాకిట నిలువవలెను. వేచియుండవలసి వచ్చినప్పుడు పోగు తాళపుచెవిని ఇతరులకు ఇచ్చి పోవును గనుక, మా కిటికీలవంటి కష్టము చాలవరకు తీరును. లెక్కల కష్టము మాత్రము తీరదు. పేర్లు నాలుగు, పారలు నాలుగు, గది తలుపు ఒక్కటి.

ఆ తాళమును ఏల పెట్టిరన్న, దానికిని కారణము కలదు. పైథాను ప్రతి వస్తువును ఎన్ని చోట్ల వాడుచున్నారో లెక్కపెట్టుకొనుచు, ఆ లెక్క సున్నకు వచ్చినప్పుడు ఆ వస్తువును పారవేయును. ఇద్దరు ఒకేసారి ఆ లెక్కను దిద్దినచో లెక్క తప్పును. తప్పినచో వాడుకలోనున్న వస్తువే మాయము కావచ్చును. వస్తువునకు ఒక తాళము పెట్టినచో ఒంటరిగా నడచు ప్రోగ్రాము సైతము నెమ్మదించును. అందుచేత అన్నిటికి కలిపి ఒకే తాళము పెట్టిరి. దానిని తీసివేయుటకు మూడు దశాబ్దములు పట్టినది. 2024 అక్టోబరులో వచ్చిన 3.13వ సంచికలో తాళము లేని పైథాను ప్రయోగరూపమున వెలువడినది. 2025 అక్టోబరునాటి 3.14వ సంచికతో ఆ రూపమునకు ప్రయోగదశ తీరి అధికారికమైన ఆమోదము లభించినది. అయినను సామాన్యముగా అందరు దింపుకొను పైథాను తాళమున్నదే.

కొందరు మధ్యమార్గము త్రొక్కిరి. వేల తేలిక పోగులను కొద్దిపాటి వ్యవస్థ పోగులమీద పంచి నడుపుట ఆ మార్గము. నలుగురు మేస్త్రీలు, నాలుగు పారలు. కూలీలు మాత్రము ఏ మేస్త్రీకి తీరిక ఉన్న ఆ మేస్త్రీ వెనుక నడతురు. స్వీడనులో ఎరిక్‌సన్ సంస్థ టెలిఫోను ఎక్స్చేంజీల కొరకు రూపొందించిన ఎర్లాంగు భాషకు 2006లో ఇట్టి సౌకర్యము కలిగినది. గూగులు సంస్థ 2009లో ప్రకటించిన గో భాష దీనినే పునాదిగా చేసికొన్నది. దాని తేలిక పోగు 2 కిలోబైట్ల చోటుతో బయలుదేరును. విడిచిన తేలిక పోగులను జావా సైతము 2023లో 21వ సంచికలో క్రొత్త రూపమున మరల స్వీకరించినది.

ఈ మార్గము సులభమని అనుకొనరాదు. సొలారిసు ఆపరేటింగ్ సిస్టమువారు ఇట్టి అమరికనే చిరకాలము పాటించి, చిక్కులు తాళలేక 2002నాటి 9వ సంచికలో ఒక పోగునకు ఒక పేరు అను సాదా పద్ధతికి వచ్చిరి. జావా క్రొత్త తేలిక పోగులలోను మొదట ఒక లోపము కనబడినది. పోగు ఒక రకపు తాళము వేసికొని లోపల వేచియున్నచో, దానిని మోయు వ్యవస్థ పోగు కూడ దానికి మేకుకొట్టినట్లు అంటుకొని కదలకుండెడిది. 2025 మార్చిలోని 24వ సంచికలో గాని ఆ మేకు ఊడలేదు. చూడుడు, పేర్లు మారినవి, ఏండ్లు గడచినవి. కష్టము మాత్రము పాతదే. పైవానికి తెలియక వేచియున్నవాడు తనను మోయువానిని కూడ ఆపును.

కావున ప్రోగ్రాము వ్రాయబోవు యువకులు, యువతులు మొదట తమ పని ఎట్టిదో పరీక్షించుకొనవలెను. అది ఎక్కువభాగము వేచియుండు పనియా, ఎక్కువభాగము లెక్క చేయు పనియా? దూరపు యంత్రముల జవాబులకొరకు వేచియుండు పనియైనచో తేలిక పోగులు చాలును. వేలకొలది పెట్టినను భయము లేదు. లెక్కచేయు పనియైనచో తేలిక పోగులను ఎన్నిటిని చేర్చినను ఫలము లేదు. అప్పుడు వ్యవస్థ పోగులనైన, వేరువేరు ప్రోగ్రాములనైన ఆశ్రయింపవలెను. తాళపుచెవి ఒక్కటియే గల భాషయైనచో వేరుప్రోగ్రాములే శరణ్యము. రెండును కలిసిన పనియైనచో, జనము ఎదుట నిలిచియుండు భాగమును, తీరికగా చేయదగు భాగమును మొదటనే విడదీయవలెను. ఇతరులు వ్రాసిన భాగమును తెచ్చి కలుపుకొనునప్పుడు, అది గుమ్మమున నిలుచునదియా, వంతు విడుచునదియా అని ముందుగా విచారింపవలెను. ఏదైన నిలిచిపోయినప్పుడు తంతిని మార్చుటకు ముందు కోరుల లెక్క చూడవలెను. కోరులన్నియు ఖాళీగా ఉండి పని నిలిచియున్నచో ఎవరో ఒకరు గుమ్మమున చిక్కుకొన్నారు. ఒక్క కోరు మాత్రమే చెమటోడ్చుచు తక్కినవి ఖాళీగా ఉన్నచో పార ఒక్కటే ఉన్నది.

మొదట చెప్పిన గుంపు మాటతో ముగింతుము. పనికై రాష్ట్రము విడిచి పోవు కూలివారి రక్షణకై 1979లో పార్లమెంటు ఒక చట్టము చేసినది. అట్టి ప్రతి కూలివానికిని అతని చిత్రము అంటించిన పాస్‌పుస్తకమును గుత్తేదారు ఇవ్వవలెనని ఆ చట్టము నిర్దేశించినది. ప్రతి పేరును వ్రాయుట శ్రమయే; పుస్తకములు పెరుగును, ఖర్చు పెరుగును. అయినను పేరున్నవాడే తన కూలి తాను అడుగగలడు. ఒకడు జబ్బుపడి ఆగినను మరియొకడు ఆగనక్కరలేదు. కంప్యూటరులోని పోగులకు ఆకలిదప్పులు లేవు, వాని బరువును మనుష్యుల బరువును ఒకటి కావు. కాని ఆ పోగుల చివర కిటికీ ముందు నిలుచువారు మనుష్యులే. ఏ పోగు పేరును పుస్తకమున వ్రాయింపవలెనో, ఏ పోగును తేలికగా విడువవచ్చునో నిర్ణయించునప్పుడు, ఆనాటి కూలి మానుకొని బస్సెక్కి వచ్చినవారిని జ్ఞప్తియందుంచుకొనుడని మన పాలమూరు యువతకు మా మనవి.